సెగవ్యాధి బ్యాక్టీరియాలో యాంటీబయాటిక్ నిరోధకతపై నిఘా: నమూనా తీయడం నుంచి నివేదిక రాయడం వరకు

వైద్యులు గనేరియా అనీ, పాతతరం వారు సెగవ్యాధి అనీ పిలిచే లైంగిక వ్యాధికి కారణం నైసీరియా గొనోరియా అనే బ్యాక్టీరియా. 2020లో 15 నుంచి 49 ఏళ్ల వయసు వారిలో సుమారు 8 కోట్ల 20 లక్షల కొత్త కేసులు వచ్చాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. దీని చికిత్స చరిత్ర అంటే ఒకదాని తర్వాత ఒకటిగా మందులు చేజారిపోయిన చరిత్రే. 1930ల్లో వచ్చిన సల్ఫా మందులు పదేళ్లు తిరగకముందే చాలాచోట్ల పని చేయడం మానేశాయి. పెన్సిలిన్‌ను విరిచేసే ఎంజైమును తయారుచేసుకునే రకాలు 1976లో బయటపడ్డాయి. 1980ల్లో టెట్రాసైక్లిన్ వంతు వచ్చింది. అమెరికా తన చికిత్స మార్గదర్శకాల నుంచి ఫ్లోరోక్వినొలోన్లను 2007లో తొలగించింది, 2012లో సెఫిక్సిమ్‌ను మొదటి వరుస నుంచి తప్పించింది. ఈనాడు చాలా దేశాలు ప్రధానంగా సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్ మీదే ఆధారపడుతున్నాయి.

ఆ మందు ఎంతకాలం నిలుస్తుందో ముందుగా పసిగట్టడానికే నిఘా వ్యవస్థ అవసరం. క్లినిక్‌లో నమూనా తీసే వైద్యులు, ప్రయోగశాలలో దానిని పెంచే సూక్ష్మజీవ శాస్త్రజ్ఞులు, అంకెలను నివేదికగా మార్చే సిబ్బంది ఈ ముగ్గురినీ దృష్టిలో పెట్టుకుని ఈ మార్గదర్శిని రాస్తున్నాను. ఒక విషయం మొదటే చెప్పాలి. వ్యాధి నిర్ధారణకు ఈనాడు ఎక్కువగా వాడుతున్న జన్యు పరీక్షకు చచ్చిన బ్యాక్టీరియా చాలు, నిరోధకతను కొలవడానికి మాత్రం బతికున్న బ్యాక్టీరియా కావాలి. వ్యాధి నిర్ధారణ ఎంత సులువైతే కల్చర్ చేసే అలవాటు, అంటే నమూనాలోని బ్యాక్టీరియాను ప్రయోగశాలలో పెంచే అలవాటు, అంతగా తగ్గిపోతోంది. కింద చెప్పే జాగ్రత్తల్లో సగానికి పైగా ఈ సున్నితమైన జీవిని ప్రాణాలతో ప్రయోగశాలకు చేర్చడానికి సంబంధించినవే.

1. ఏం తెలుసుకోవాలో ముందు రాసుకోండి

నిఘా రెండు రకాల ప్రశ్నలకు జవాబు చెప్పగలదు. మొదటిది, ఫలానా మందుకు లొంగని బ్యాక్టీరియా వాటా ఏడాదికేడాది ఎలా మారుతోందనేది. రెండవది, ఇంతవరకు చూడని ప్రమాదకరమైన రకం ఏదైనా ప్రవేశించిందా అనేది. మొదటి దానికి క్రమపద్ధతిలో, పక్షపాతం లేకుండా తీసిన నమూనాలు కావాలి. రెండవ దానికి చికిత్సకు లొంగని రోగులను వెతికి పట్టుకోవాలి. ఈ రెండు రాశులనూ కలిపి శాతాలు కట్టడం నేను తరచుగా గమనించే తప్పు. చికిత్స విఫలమైన వారినే ఏరి పరీక్షిస్తే నిరోధకత సహజంగానే ఎక్కువగా కనిపిస్తుంది. ఆ శాతం సమాజంలోని స్థితిని చెప్పదు. రెండింటికీ వేర్వేరు రిజిస్టర్లు, వేర్వేరు గుర్తింపు సంఖ్యలు మొదటి రోజు నుంచే ఉండాలి.

2. ఎవరి నుంచి, ఎన్ని నమూనాలు

మూత్రనాళం నుంచి చీము వస్తున్న పురుషులతో మొదలుపెట్టడం సులువు. వారిలో బ్యాక్టీరియా సమృద్ధిగా ఉంటుంది కాబట్టి కల్చర్ పండే అవకాశం ఎక్కువ. అమెరికాలో 1986 నుంచి నడుస్తున్న గిస్ప్ అనే నిఘా కార్యక్రమం ప్రతి కేంద్రంలో నెలకు మొదట వచ్చే 25 మంది పురుషుల మూత్రనాళ నమూనాలను తీసుకునే పద్ధతిని అనుసరించింది. 'మొదట వచ్చే' అన్న షరతే ఇందులో కీలకం. తీవ్రంగా ఉన్నవారినో, తనకు ఆసక్తి కలిగించిన వారినో వైద్యుడు ఎంచుకునే వీలు దానివల్ల పోతుంది.

ఈ పద్ధతికి ఒక గుడ్డి కోణం ఉంది. గొంతులోని ఇన్ఫెక్షన్‌కు సాధారణంగా లక్షణాలు ఉండవు, మందు అక్కడ బలహీనంగా పనిచేస్తుంది, అక్కడే కాపురముండే ఇతర నైసీరియా జాతుల నుంచి నిరోధక జన్యువులు చేతులు మారతాయి. 2009లో జపాన్‌లోని క్యోటోలో దొరికిన, సెఫ్ట్రియాక్సోన్‌కు బలంగా ఎదురునిలిచిన హెచ్041 అనే రకం గొంతు నమూనాలోనే బయటపడింది. 2018లో ఇంగ్లండ్‌లో నమోదైన కేసులో సెఫ్ట్రియాక్సోన్, అజిత్రోమైసిన్ రెండింటికీ నిరోధకత ఉంది. ఆ రోగికి చికిత్స తర్వాత మూత్ర పరీక్షలో ఏమీ కనిపించకపోయినా గొంతులో బ్యాక్టీరియా మిగిలే ఉంది. కనుక వనరులు అనుమతించిన వెంటనే గొంతు, పురీషనాళం, గర్భాశయ ముఖద్వారం నమూనాలను కూడా చేర్చాలి. వాటి ఫలితాలను మాత్రం విడిగా చూపాలి.

ఇక సంఖ్య విషయం. నూరు నమూనాలలో ఐదు నిరోధకమైతే 5 శాతం అని రాసేస్తాం. కానీ 95 శాతం విశ్వాస స్థాయిలో అసలు విలువ 2కూ 11కూ మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. నాలుగు వందలలో ఇరవై అయితే ఆ పరిధి సుమారు 3 నుంచి 7.6కు కుదించుకుంటుంది. నూరింటిలో ఒక్కటీ దొరకలేదంటే నిరోధకత లేదని కాదు, 3 శాతం దాకా ఉన్నా మన కంటపడకపోవచ్చని అర్థం. ఏడాదికి నూరు కూడా దాటని కేంద్రం తన అంకెలను ఒంటరిగా ప్రకటించడం కంటే ఇతర కేంద్రాలతో కలిపి ప్రకటించడం మేలు.

3. నమూనా తీయడం, చేర్చడం

ఎన్నో నిఘా కార్యక్రమాలు దెబ్బతినేది ప్రయోగశాలలో కాదు, క్లినిక్‌కూ ప్రయోగశాలకూ మధ్య దారిలో. ఈ బ్యాక్టీరియా ఎండిపోతే చస్తుంది, చల్లదనానికి చస్తుంది, కొన్ని రకాల దూదిలోని కొవ్వు ఆమ్లాలకు కూడా చస్తుంది. కాబట్టి యాంటీబయాటిక్ ఇవ్వకముందే డాక్రాన్ లేదా రేయాన్ అనే కృత్రిమ నారతో చేసిన స్వాబ్‌తో (నమూనా తీసే పుల్లతో) నమూనా తీయాలి. పురుషులలో సన్నని స్వాబ్‌ను మూత్రనాళంలోకి 2 నుంచి 3 సెంటీమీటర్ల లోతుకు పంపి మెల్లగా తిప్పి తీయాలి. చీము బయటికే కారుతుంటే దానినే తీసుకున్నా సరిపోతుంది.

అన్నిటికన్నా మంచి పద్ధతి రోగి పక్కనే ప్లేట్ (బ్యాక్టీరియాను పెంచే ఆహారం పోసిన పళ్లెం) మీద పూసి, వెంటనే కార్బన్ డయాక్సైడ్ ఉన్న వాతావరణంలో 35 నుంచి 36.5 డిగ్రీల సెల్సియస్ వద్ద పెట్టడం. ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిన చల్లని ప్లేట్ మీద పూయకూడదు. దానిని ముందుగా గది ఉష్ణోగ్రతకు రానివ్వాలి. ప్రత్యేక ఇంక్యుబేటర్ లేనిచోట మూత బిగుతుగా ఉండే జాడీలో తడి దూది పెట్టి, సువాసన కలపని తెల్ల మైనపు కొవ్వొత్తి వెలిగించి మూసేస్తే అది ఆరిపోయే సమయానికి కావలసినంత కార్బన్ డయాక్సైడ్ చేరుతుంది. పాతకాలపు ఉపాయమే అయినా, కరెంటు పోతే ఆగిపోయే ఖరీదైన యంత్రం కంటే దీనిమీదే నాకు నమ్మకం ఎక్కువ.

ప్లేట్ మీద అక్కడికక్కడే పూయడం కుదరకపోతే బొగ్గుపొడి కలిపిన ఏమీస్ లేదా స్టూవర్ట్ రవాణా మాధ్యమంలో స్వాబ్‌ను గది ఉష్ణోగ్రత వద్ద ఉంచి పంపాలి. ఆరు గంటలలో చేరితే మంచిది, ఇరవై నాలుగు గంటలు దాటితే ఫలితం మీద ఆశ పెట్టుకోవద్దు. మిగతా నమూనాలన్నీ ఐస్ పెట్టెలో వెళ్తుంటే అలవాటు కొద్దీ దీన్నీ అందులోనే పెట్టే ప్రమాదం ఉంది. సంచి మీద 'ఐస్ వద్దు' అని పెద్ద అక్షరాలతో రాయించండి. తీసిన సమయం, ప్రయోగశాలకు చేరిన సమయం రెండూ నమోదు చేస్తే, నెల చివర కల్చర్ ఎన్నిటిలో పండిందో చూసినప్పుడు లోపం ఏ మలుపులో ఉందో తెలుస్తుంది. సూక్ష్మదర్శినిలో బ్యాక్టీరియా స్పష్టంగా కనిపించిన మగవారి నమూనాలలో కూడా పెరుగుదల లేకపోతే ముందుగా అనుమానించవలసింది రవాణానే.

4. పెంచడం, గుర్తించడం

క్లినిక్‌లోనే గ్రామ్ రంగు వేసి చూస్తే, లక్షణాలున్న పురుషులలో తెల్లరక్తకణాల లోపల జంటజంటలుగా ఉన్న ఎర్రని బ్యాక్టీరియా 95 శాతానికి పైగా కేసుల్లో కనిపిస్తుంది. స్త్రీలలో ఇది సగం కేసుల్లో కూడా కనిపించకపోవచ్చు. గొంతు నమూనాకైతే ఈ పరీక్ష పనికిరాదు.

ఇతర సూక్ష్మజీవులను అణచడానికి వాంకోమైసిన్, కొలిస్టిన్, నిస్టాటిన్, ట్రైమెథోప్రిమ్ కలిపిన సవరించిన థేయర్ మార్టిన్ మాధ్యమం అనుకూలం. గొనోరియా రకాలు కొన్ని వాంకోమైసిన్‌కు తామే లొంగిపోతాయి. కనుక మూత్రనాళ, గర్భాశయ నమూనాలకు మందులు కలపని చాకొలెట్ అగార్ (వేడిచేసిన రక్తం కలిపిన మాధ్యమం) ప్లేట్‌ను కూడా జతచేయడం మంచిది. ప్లేట్లను 24 గంటలకు, 48 గంటలకు, అప్పటికీ ఏమీ లేకపోతే 72 గంటలకు చూడాలి.

కాలనీ ఆక్సిడేజ్ పరీక్షకు స్పందించినంత మాత్రాన అది గొనోరియా అనుకోకూడదు. నైసీరియా జాతులన్నీ దానికి స్పందిస్తాయి. గ్లూకోజ్ నుంచి మాత్రమే ఆమ్లం తయారుచేసి, మాల్టోజ్, లాక్టోజ్, సుక్రోజ్‌లను ముట్టనిదే మనకు కావలసినది. మెనింజైటిస్ కలిగించే దాని బంధువు మాల్టోజ్‌ను కూడా వాడుకుంటుంది. బ్యాక్టీరియాను దాని ప్రోటీన్ల బరువుల ద్వారా గుర్తుపట్టే మాల్డి టాఫ్ యంత్రం ఉంటే పని త్వరగా ముగుస్తుంది. గొంతు నమూనాలకు మాత్రం రెండు వేర్వేరు సూత్రాల మీద పనిచేసే పరీక్షలతో నిర్ధారించడం ఉత్తమం. నిరోధకత ఉన్న హానిలేని నైసీరియాను గొనోరియాగా పొరబడితే లేని విపత్తును ప్రకటించినట్లవుతుంది.

నిర్ధారణ అయ్యాక శుద్ధమైన కల్చర్‌ను 20 శాతం గ్లిజరాల్ కలిపిన ద్రవ మాధ్యమంలో, కనీసం రెండు గొట్టాలలో, మైనస్ 70 డిగ్రీలు లేదా అంతకన్నా తక్కువ ఉష్ణోగ్రతలో భద్రపరచాలి. మామూలు మైనస్ 20 ఫ్రీజర్‌లో ఇది ఎక్కువకాలం బతకదు.

5. కనిష్ఠ నిరోధక గాఢతను కొలవడం

బ్యాక్టీరియా పెరుగుదలను ఆపగలిగిన అతి తక్కువ మందు గాఢతను ఎంఐసీ అంటారు. నిఘాకు కావలసింది ఈ అంకె. 'లొంగింది', 'లొంగలేదు' అనే రెండు ముక్కల జవాబు సరిపోదు. డిస్క్ చుట్టూ ఏర్పడే వలయాన్ని కొలిచే పద్ధతి చౌకే గానీ నెమ్మదిగా జరిగే మార్పును అది పట్టుకోలేదు. వేరే దారి లేనిచోట తొలి వడపోతకు మాత్రమే దానిని వాడాలి.

ప్రామాణిక పద్ధతి అగార్ డైల్యూషన్. జీసీ అగార్‌కు 1 శాతం పోషక మిశ్రమం కలిపి, మందు గాఢతను ప్రతి ప్లేట్‌కూ రెట్టింపు చేస్తూ ఒక వరుస తయారుచేసి, ఒక్కో చుక్కలో సుమారు పదివేల బ్యాక్టీరియా ఉండేలా పెట్టాలి. ఒకేసారి పదుల సంఖ్యలో ఐసొలేట్లను (నమూనాల నుంచి వేరుచేసి పెంచిన శుద్ధమైన బ్యాక్టీరియాను) పరీక్షించే కేంద్ర ప్రయోగశాలకు ఇది అనువైనది. తక్కువ సంఖ్యలో పరీక్షించేవారికి ఈటెస్ట్ వంటి గ్రేడియెంట్ స్ట్రిప్ (పొడవునా మందు గాఢత క్రమంగా మారే పట్టీ) సులువు. ఏ పద్ధతిలోనైనా ముందురోజు పెంచిన తాజా కల్చర్‌నే వాడాలి. 0.5 మెక్‌ఫార్లాండ్ అనే నిర్ణీత మబ్బుదనం వచ్చేలా బ్యాక్టీరియాను కలిపిన ద్రావణాన్ని తయారుచేసిన పదిహేను నిమిషాలలోగా ప్లేట్‌కు ఎక్కించాలి. ఈ బ్యాక్టీరియాకు తనంతట తానే పగిలిపోయే గుణం ఉంది. ఆలస్యమైతే బతికున్నవాటి సంఖ్య తగ్గి ఎంఐసీ అబద్ధంగా తక్కువ కనిపిస్తుంది. 5 శాతం కార్బన్ డయాక్సైడ్‌లో 20 నుంచి 24 గంటలు ఉంచి చదవాలి.

స్ట్రిప్ చదివే విషయంలో చిన్నదిగా కనిపించే ఒక నియమాన్ని గట్టిగా పాటించాలి. స్ట్రిప్ మీద రెట్టింపు గాఢతల మధ్యలో సగం మెట్లు కూడా ఉంటాయి. 0.094 వద్ద పెరుగుదల ఆగితే దానిని పై మెట్టు అయిన 0.125కు సవరించి నమోదు చేయాలి. సెఫ్ట్రియాక్సోన్‌కు లీటరుకు 0.125 మిల్లీగ్రాములు, ఆపైన ఉంటే సున్నితత్వం తగ్గినట్లుగా ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిగణిస్తుంది కాబట్టి, ఆ ఒక్క సవరణ మీదే ఒక ఐసొలేట్ హెచ్చరిక జాబితాలోకి ఎక్కడమో ఎక్కకపోవడమో ఆధారపడుతుంది. సెఫిక్సిమ్‌కు ఆ హద్దు 0.25.

హద్దులు అన్ని సంస్థలకూ ఒకటి కావు. అమెరికాకు చెందిన ప్రమాణాల సంస్థ సీఎల్ఎస్ఐ ప్రకారం సెఫ్ట్రియాక్సోన్ 0.25 వరకు లొంగినట్లే లెక్క, యూరప్‌లో అలాంటిదే అయిన యూకాస్ట్ ప్రకారం 0.125 దాటితే నిరోధకత. అంటే ఎంఐసీ 0.25 ఉన్న ఒకే బ్యాక్టీరియా ఒక నివేదికలో మంచిదిగా, మరొకదానిలో చెడ్డదిగా కనబడుతుంది. ఏ ప్రమాణం వాడారో, ఏ సంవత్సరపు ప్రతి వాడారో రాయని శాతాన్ని నేనైతే పక్కన పెట్టేస్తాను. ముడి ఎంఐసీ అంకెలను భద్రపరిస్తే రేపు హద్దులు మారినా పాత లెక్కలను తిరిగి కట్టుకోవచ్చు.

ప్రతి విడతలోనూ ఏటీసీసీ 49226 అనే నియంత్రణ రకాన్ని (ఎంఐసీ ముందే తెలిసిన బ్యాక్టీరియాను), వీలైతే అన్ని మందులకూ లొంగే డబ్ల్యూహెచ్ఓ ఎఫ్‌ను, నిరోధకత ఎక్కువగా ఉన్న డబ్ల్యూహెచ్ఓ ఎక్స్‌ను కూడా కలిపి పరీక్షించాలి. పైన చెప్పిన క్యోటో రకమే ఈ ఎక్స్. నియంత్రణ రకం అంకె నిర్ణీత పరిధి దాటితే ఆ రోజు ఫలితాలన్నిటినీ రద్దు చేసి మళ్లీ మొదలుపెట్టాలి. మిగతావి బాగానే ఉన్నట్లున్నాయి కదా అని సర్దుకుపోవడం కూడదు. ఈ పరీక్షలో ఒక రెట్టింపు అటూ ఇటూ రావడం సహజం, రెండు రెట్టింపుల తేడా వస్తే మాత్రం కారణం వెతకాలి.

పెన్సిలిన్‌ను విరిచే ఎంజైమును నైట్రోసెఫిన్‌తో నిమిషాల్లో పట్టుకోవచ్చు. పసుపు రంగు ఎరుపుకు తిరిగితే అది ఉన్నట్లే.

6. జన్యు సమాచారాన్ని ఎంతవరకు నమ్మాలి

ఫ్లోరోక్వినొలోన్లలో ఒకటైన సిప్రోఫ్లోక్సాసిన్ విషయంలో జన్యు పరీక్ష చక్కగా పనిచేస్తుంది. గైర్ ఏ జన్యువులో 91వ స్థానం మారకుండా ఉంటే ఆ మందు దాదాపు తప్పకుండా పని చేస్తుంది. వ్యాధి నిర్ధారణకు తీసి మిగిలిన నమూనాలోనే దీనిని చూడవచ్చు కనుక కల్చర్ లేని కేంద్రాల నుంచి కూడా కొంత సమాచారం దొరుకుతుంది. సెఫ్ట్రియాక్సోన్‌కు పెన్ ఏ జన్యువులోని మొజాయిక్ మార్పులు (ఇతర నైసీరియా జాతుల జన్యు ముక్కలు అతుక్కోవడం), ముఖ్యంగా 2015లో జపాన్‌లో గుర్తించిన ఎఫ్‌సీ428 రకం మోస్తున్న పెన్ ఏ 60 ముఖ్యమైనవి. అజిత్రోమైసిన్‌కు మందు అతుక్కునే 23ఎస్ ఆర్‌ఆర్‌ఎన్ఏ అనే భాగంలోని మార్పులే కాక, మందును బయటికి తోసే ఎంటీఆర్ పంపు మార్పులు కూడా కారణమవుతాయి. అందువల్ల ఒక్క జన్యువును చూసి నిరోధకత లేదని తేల్చలేం. తెలిసిన మార్పులను మాత్రమే జన్యు పరీక్ష గుర్తిస్తుంది, కొత్త మార్గంలో వచ్చే నిరోధకత ముందుగా ఎంఐసీలోనే కనిపిస్తుంది. పూర్తి జన్యుక్రమం చదివించే వీలుంటే హెచ్చరిక స్థాయి దాటిన ప్రతి ఐసొలేట్‌తో పాటు, మామూలు వాటిలో కూడా కొన్నిటిని యాదృచ్ఛికంగా ఎంచి పంపాలి. లేకపోతే పోల్చడానికి ఏమీ ఉండదు.

7. రోగి వివరాలు

వయసు, లింగం, నమూనా తీసిన శరీర భాగం, తేదీ, గత రెండు నెలల్లో వాడిన యాంటీబయాటిక్, ప్రయాణం, లైంగిక భాగస్వాముల లింగం, ఇచ్చిన మందు, దాని మోతాదు. ఇవి చాలు. పేరుకు బదులు కోడ్ ఉండాలి, కోడ్‌నూ పేరునూ కలిపే పుస్తకం క్లినిక్ దాటి పోకూడదు. గోప్యత మీద నమ్మకం సడలితే రోగులు రావడం మానేస్తారు, లేదా తప్పు జవాబులు చెబుతారు. నలభై ప్రశ్నల పత్రం పెడితే ముప్పై ఖాళీగా తిరిగి రావడం కూడా మామూలే. ఒకే వ్యక్తి నుంచి ఒకే ఇన్ఫెక్షన్‌లో రెండు చోట్ల బ్యాక్టీరియా దొరికితే శాతాలలో ఒక్కదాన్నే లెక్కించాలి. ఏది లెక్కించాలో ముందుగానే నిర్ణయించుకోవాలి.

8. హెచ్చరిక వచ్చినప్పుడు

సెఫ్ట్రియాక్సోన్ ఎంఐసీ హద్దు దాటిన ఐసొలేట్ కనిపిస్తే అదే రోజు ప్లేట్ శుద్ధతను, గుర్తింపును మళ్లీ చూసి, నియంత్రణ రకంతో కలిపి పరీక్షను తిరిగి చేయాలి. రెండో ఫలితం కోసం ఎదురుచూస్తూ క్లినిక్‌కు కబురు చెప్పకుండా ఉండకూడదు. 'నిర్ధారణ కావలసి ఉంది' అని చెప్పి రోగిని వెనక్కి పిలిపించాలి. నయమైందో లేదో తేల్చే పరీక్షను గొంతుతో సహా చేయించాలి. గత అరవై రోజుల భాగస్వాములను పరీక్షించి చికిత్స చేయాలి. ఐసొలేట్‌ను రిఫరెన్స్ ప్రయోగశాలకు పంపాలి.

చికిత్స విఫలమైందని చెప్పడానికి ముందు మళ్లీ సోకలేదని తేల్చుకోవాలి. చికిత్స తర్వాత లైంగిక సంపర్కం జరగలేదని చెప్పిన రోగిలో 72 గంటల తర్వాత కల్చర్ పాజిటివ్ అయినా, ఏడు రోజుల తర్వాత జన్యు పరీక్ష పాజిటివ్ అయినా విఫలమైనట్లు అనుమానించాలి. ఇంకా ముందుగా చేసే జన్యు పరీక్షలో చచ్చిన బ్యాక్టీరియా అవశేషాలు కూడా పాజిటివ్‌గా కనబడి తికమక పెడతాయి. చికిత్సకు ముందు, తర్వాత దొరికిన రెండు ఐసొలేట్లూ చేతిలో ఉంటే వాటి జన్యుక్రమాలను పోల్చి, పాతదే మిగిలిందో కొత్తది సోకిందో చాలావరకు చెప్పవచ్చు. భద్రపరిచిన ఆ రెండో గొట్టం విలువ అప్పుడు తెలుస్తుంది.

9. లెక్కలు, నివేదిక

ఒక మందుకు నిరోధకత 5 శాతానికి చేరితే దానిని తొలి చికిత్సగా కొనసాగించరాదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ చాలాకాలంగా చెబుతున్న హద్దు. ఈ హద్దు పాలనాపరమైన సౌలభ్యం కోసం పెట్టుకున్నది. 4.9కి నిశ్చింతగా ఉండి 5.1కి ఉలిక్కిపడడంలో అర్థం లేదు. శాతం పక్కనే దాని విశ్వాస పరిధిని, పరీక్షించిన సంఖ్యను, నమూనా తీసిన మొత్తం రోగుల సంఖ్యను, అందులో కల్చర్ పండినవి ఎన్నో కూడా ముద్రించాలి.

శాతం సున్నా ఉన్నప్పుడు కూడా ఎంఐసీల విస్తరణను సంవత్సరం వారీగా పక్కపక్కన గీసి చూపాలి. మధ్యస్థ విలువ 0.008 నుంచి 0.015కు, అక్కడి నుంచి 0.03కు జరిగితే అన్నీ ఇంకా 'లొంగినవి' గానే ఉంటాయి, కానీ బ్యాక్టీరియాను ఆపడానికి మునుపటి కంటే నాలుగు రెట్లు మందు కావలసి వస్తోంది. సెఫిక్సిమ్ విషయంలో ఇలాంటి నెమ్మది జరుగుడే ముందుగా కనిపించింది. 90 శాతం ఐసొలేట్లను ఆపే గాఢతను కూడా ఏటా ఇవ్వాలి.

నివేదిక ఏడాదికి ఒకసారి వస్తే చాలు, హెచ్చరికలు మాత్రం అప్పటికప్పుడే వెళ్లాలి. చికిత్స మార్గదర్శకాలు రాసే కమిటీకి, నమూనాలు పంపిన ప్రతి క్లినిక్‌కూ ఒకే రోజున ప్రతులు అందాలి. క్లినిక్‌కు పంపే ప్రతిలో ఆ క్లినిక్ నుంచి వచ్చిన స్వాబ్‌లు ఎన్ని, దారిలోనే చచ్చిపోయినవి ఎన్ని అన్న రెండు అంకెలు మొదటి పేజీలోనే ఉండాలి.